నోరు ఆగితే తిన్నట్టే

మా చిన్నబిడ్డ శ్రావణి వంటింటి గట్టు మీద త్రాసు పెట్టుకుని బాదంపప్పులు తూస్తోంది. అరచేతంత త్రాసు, దాని మీద ఎర్రగా మెరిసే అంకె. అంకె కాస్త ఎక్కువైతే ఒక పప్పు తీసి డబ్బాలో వేస్తుంది, తక్కువైతే ఇంకో పప్పు కొరికి సగం పెడుతుంది. బాదం అయ్యాక అక్రోట్, అక్రోట్ అయ్యాక పల్లీలు. పిల్ల ఎనిమిది వందల మీటర్ల పరుగు పరిగెడుతుంది. దుండిగల్ అవతల ఒక గ్రౌండులో ప్రాక్టీసు. అక్కణ్నుంచి అల్వాల్ వచ్చి మా మూడంతస్తుల మెట్లు ఎక్కేటప్పుడు చూడాలి దాన్ని. చెరువులోంచి ఎండ్రకాయ గట్టెక్కినట్టు అడ్డంగా ఎక్కుతుంది. పిక్కలు పట్టేస్తాయట. గట్టిగా శ్రమ చేసిన అరగంటలోపు గుప్పెడు గింజలు తింటే కండలు తొందరగా కోలుకుంటాయని, మర్నాటికి నొప్పి తగ్గుతుందని వాళ్ల కోచ్ కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం మా ఫ్రిజ్ మీద వెంకన్న బొమ్మ పక్కన అతికించి ఉంది.

"ఈ ముచ్చట మాకు దాదీమా ఎప్పుడో చెప్పింది," అన్నాను.

"దాదీమా ఎవరే మళ్లా? నీ కతలల్ల కొత్త క్యారెక్టరా?" అంది, త్రాసు మీదినుంచి కన్నెత్తకుండానే.

దాని తప్పేమీ లేదు. మా ఇంట్లో నా మాట ఎవరూ నమ్మరు. మా బాపు శామీర్‌పేట చెరువులో పోగొట్టుకున్న వల, అందులో పడ్డ చేపలతో సహా, మరుసటేడు ఒక బొచ్చెచేప కడుపులో దొరికిందని పెళ్లయిన కొత్తలో చెప్పాను. ఆ వలను మా ఆయన ఈనాటికీ చుట్టాలందరి ముందూ పరుస్తూనే ఉన్నాడు. మా అవ్వ తుమ్మితే కట్ట మీది కొంగలన్నీ ఒక్కసారిగా లేచి, దుండిగల్‌లో విమానాలు దిగడానికి ఆకాశంలో జాగా ఉండేది కాదని కూడా చెప్పాను. అది కొంచెం ఎక్కువే, ఒప్పుకుంటాను. అయితే పల్లికాయ ఒలిచినవాళ్లకు ఒక సంగతి తెలుసు. తాలుకాయ పైకి గట్టికాయలాగే కనబడుతుంది, కానీ రెండు వేళ్ల మధ్య పట్టుకోగానే బరువు లేదని తెలిసిపోతుంది. ఇప్పుడు చెప్పబోయేదాన్ని మీరూ అలాగే పట్టి చూసుకోండి.

మాది చెరువు కట్ట కింద ఇల్లు. బాపు చేపలు పట్టేవాడు. మా బట్టలకూ పుస్తకాలకూ, అవ్వ దాచిపెట్టిన పెళ్లిచీరకూ కూడా చేపల వాసనే. రజియా వాళ్లది లాల్‌గడి మలక్‌పేట, పల్లికాయ పండించే ఇల్లు. బళ్లో మాది ఒకే బెంచీ, ఒకే కబడ్డీ జట్టు. మాటల్లో రజియా మహా పిసినారి. రోజు మొత్తానికి పది మాటలు ఖర్చుపెట్టేది, అందులో నాలుగు "ఊ" అనే మాటలే. కానీ గీత దాటి కూత అందుకుందంటే ఇక ఆగేది కాదు. అవతలి జట్టు పిల్లలు ఎదురుచూసి ఎదురుచూసి కాళ్లు పీకి కింద కూర్చునేవాళ్లు. మేడ్చల్ స్టేషన్లో రైలు కదిలేటప్పుడు ఆమె కూత మొదలుపెడితే, అల్వాల్‌లో గేటు పడేదాకా ఊపిరి తీసుకునేది కాదు. సరే, బొల్లారం అనుకోండి. అంతకంటే తగ్గించను.

వానాకాలం చివర్లో, యాసంగి పల్లి వేసే ముందు, విత్తనం కోసం కాయ ఒలిచే రోజులు వచ్చేవి. బడి అయ్యాక గంటసేపు కబడ్డీ ఆడి, మట్టికొట్టుకున్న కాళ్లతో నేను రజియా వెంట వాళ్లింటికి నడిచేదాన్ని. వాకిట్లో గోనెసంచి పరిచి, దాని మీద కాయ కుప్పగా పోసి ఉండేది. ఒలవడానికి వీలుగా కాయ మీద నీళ్లు చల్లేవాళ్లు. తడిసిన కాయలోంచి లేచే ఎర్రమట్టి వాసన, కట్టెలపొయ్యి మీద మరిగే చాయ్ వాసన, దాదీమా చెంగున కట్టుకున్న వక్కపొడి వాసన, మధ్యలో నేను పట్టుకొచ్చిన చేపల వాసన. నేను గడప దాటకముందే దాదీమా "మచ్లీ వచ్చిందా?" అనేది. రజియా నాయినకు అమ్మ ఆమె. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరి, మనుషులు ఆమెకు నీడల్లా కదిలేవాళ్లు. అందుకే ఆమె కాపలా అంతా చెవులతోనే.

విత్తనపు గింజ తినకూడదు. అది ఆ ఇంట్లో మొదటి నియమం. కళ్లు లేని మనిషి నలుగురైదుగురు పిల్లల నోళ్లను ఎలా కాయాలి? ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. ఒలుస్తున్నంతసేపూ అందరం మాట్లాడుతూనే ఉండాలి. పాటో, పద్యమో, ఎక్కాలో, ఇరుగుపొరుగు ముచ్చటో, ఏదైనా సరే. నోరు ఆగకూడదు. ఎవరి గొంతు ఆగితే అటువైపు వెదురుపుల్ల వచ్చి మోకాలి మీద టక్కున తగిలేది.

"నోరు బంద్ అయ్యిందంటే గింజ లోపట పడ్డట్టే," అనేది దాదీమా. "మాట్లాడు బేటీ, మాట్లాడు. నీ నోరు నాకు ఇనబడాలె."

రజియాకు ఇదొక గండం. పది మాటల పిల్ల అంతసేపు ఏం మాట్లాడుతుంది? అందుకని ఆమె కూత పెట్టేది. పెదవులు కదిలీ కదలకుండా "కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ" అంటూ, వేళ్లు కాయ చిట్లిస్తూ, పొద్దు వాలేదాకా. ఆమెకు ఆ ఊపిరి ఎక్కణ్నుంచి వచ్చిందని మా పీటీ సారు ఆశ్చర్యపోయేవాడు. ఆ వాకిట్లోంచి వచ్చింది. నాకు అబ్బింది వేరే విద్య. గింజను దవడ పక్కకు నెట్టి, నాలుకను ఖాళీగా ఉంచుకుని, గొంతు తడబడకుండా కథ చెప్పడం. కథ ఎంత పెద్దదైతే అన్ని గింజలు. మామూలు ముచ్చట రెండు గింజలకే అయిపోతుంది. చేప కడుపులో వల దొరికిందంటే మాత్రం, అందరూ ఊకొడుతూ వింటుండగా, నిమ్మళంగా ఇరవై గింజలు నమలవచ్చు. నన్ను అబద్ధాలకోరు అనే చుట్టాలకు నేను చెప్పేది ఒక్కటే: అది గుణం కాదు, ఆకలికి నేర్చుకున్న పని.

అలాగని దాదీమా మమ్మల్ని పస్తు పంపేది కాదు. ఒలవడం అయ్యాక, ముందురోజు పగిలిన బద్దలన్నీ పొద్దున్నే నానేసినవి మా ముందు పెట్టేది. పగిలిన గింజ మొలవదు కాబట్టి అది మా వాటా. నేను కావాలనే కొన్ని పగలగొట్టేదాన్నని వేరే చెప్పక్కర్లేదు. "ఆటకు ముందు కాదు, ఆట తర్వాత తినాలె," అనేది దాదీమా. "ఉరికి ఉరికి కాళ్లల్ల కండ చినిగినట్టు అయితది. గింజ పోయి దాన్ని కుడ్తది. పొద్దుగాలకు మళ్లా కొత్త కాలు." ఎవరి పిడికిలి వాళ్లకు కొలత. చిన్న చేతికి చిన్న కాళ్లే ఉంటాయి కదా అని ఆమె లెక్క. వేళ్లు బార్లా చాపి పిడికిలి పెద్దది చేయబోతే, ఆమె నా చేతిని తడిమి, వేళ్లు ఒక్కొక్కటే మడిచి, "గిది నీ చెయ్యి. గది నీ ఆశ," అనేది. పైన చిన్న బెల్లంముక్క. తర్వాత పల్లినూనె వెచ్చచేసి మా పిక్కలు పిసికేది. గరుకు చేతులు. ఆ చేతుల కింద పడుకుని ఆకాశం వైపు చూస్తూ, ఈ ఇల్లు నా ఇల్లు కాకపోవడం ఏమిటో అనుకునేదాన్ని. చీకటి పడేలోపు రజియా నాయిన ఖాసిం చాచా నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని కట్ట దాకా దించేవాడు. మలక్‌పేట నుంచి కట్ట దాకా ఆయనకు నా కథలు. నమ్మేవాడు కాదు, నవ్వేవాడు.

ఆ ఏడాది మా జట్టు మేడ్చల్‌లో జరిగే పోటీల్లో సెమీఫైనల్ దాకా పోయింది. అంతకు ముందెప్పుడూ మా బడి మొదటి ఆట దాటి ఎరగదు. సెమీఫైనల్ పొద్దున. అవతలి జట్టు పిల్లలు మా కంటే జానెడు పొడుగు. రజియా కూతే మమ్మల్ని గట్టెక్కించింది గానీ, ఆట ముగిసేసరికి ఏడుగురం ఏడు మూటల్లా పడిపోయాం. తొడలు రాళ్లయ్యాయి. బస్సు మెట్టు ఎక్కడానికి ఒకర్నొకరం తోసుకోవాల్సి వచ్చింది. మర్నాడే ఫైనల్. గెలిస్తే జిల్లాకు. పీటీ సారు రజియా గురించి ఇంకొకటి కూడా చెప్పాడు: జిల్లాలో ఈ పిల్లను చూస్తే రాష్ట్రం జట్టుకు తీసుకుంటారు, నా మాట రాసిపెట్టుకోండి అని. నా జన్మలో నేను చెప్పిన ఏ కథా ఆ మాటంత పెద్దగా వినబడలేదు నాకు.

మధ్యాహ్నానికి రజియా ఇంటికి చేరాం. ఆ రోజు బద్దలు అయిపోయాయి. ఒలవడం ముందు రోజే ముగిసింది. మర్నాడు విత్తే గింజ అంతా గంపలో, పైన తడిగుడ్డ కప్పుకుని, వాకిట్లో గోడవార ఉంది. దాదీమా నమాజుకు లోపలికి వెళ్లింది. నేను పుస్తకాల సంచి ఖాళీచేసి గంప దగ్గర కూర్చున్నాను.

"ఒద్దే బాలీ," అంది రజియా. "గవి ఇత్తనాలు."

"ఇత్తనాలైతే ఇంకా మంచిది. కడుపుల పడి కాళ్లల్ల మొలుస్తయి."

"రేపు అబ్బా సాలు తీస్తడు. తక్కువ పడ్తయి."

"ఒక్క చేటెడు తీస్తె ఏం తక్కువైతది? మీ అబ్బా గింజ గింజ చూసుకుంటడా ఏంది? అక్కడ ఐదుగురి కాళ్లు లేస్తలెవ్వు. రేపు నువ్వొక్కదానివే ఆడ్తవా?"

ఆ రోజు మాటలన్నీ అయిపోయాయో ఏమో, ఆమె ఇంకేమీ అనలేదు. నేను చేటతో తీసి సంచిలో పోసుకున్నాను. ఆమెకు పిడికెడు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒక్క గింజ, ఇది మీరు గట్టికాయగానే పట్టుకోవాలి, ఒక్క గింజ కూడా ఆమె తినలేదు.

ఖాసిం చాచా నన్ను సైకిలు మీద దించాడు. తన విత్తనాన్ని తనే మోసుకుంటూ, కట్ట ఎక్కేటప్పుడు రొప్పుతూ, "ఏందే బాలీ, ఇయ్యాల గింత బరువున్నవ్?" అన్నాడు.

"సెమీఫైనల్ గెల్చిన చాచా. గెల్పు బరువుంటది."

ఆయన నవ్వాడు. బిడ్డ ఆట ఆయన ఎన్నడూ చూడలేదు. పొలం వదిలి ఎప్పుడు వస్తాడు? ఆ సాయంత్రం మాత్రం ఆయనే అడిగాడు. "మా రజియా నిజంగ గంత మంచిగ ఆడ్తదా? రేపు జల్దీ ఇత్తునం పెట్టి నేను గూడ మేడ్చల్ వస్త. ఒక్కపారి చూడాలె." నేను మేడ్చల్ రైలు కథ చెప్పాను. "నీ కతలు నీవి," అన్నాడు. దిగుతుంటే సంచిలో గింజలు గలగలమన్నాయి. దారిలో ఐదుగురి ఇళ్లకూ పంచి, నా వాటా బాపు బతికిన చేపలు వేసే కుండలో నానబెట్టాను.

తెల్లవారగానే బాపు సైకిలు తీసుకుని రజియా కోసం వెళ్లాను. ఇద్దరం కలిసి శామీర్‌పేటలో బస్సు అందుకోవాలి. దారంతా నానిన గింజలు నములుతూనే ఉన్నాను. కాస్త చేపవాసన ఉన్నా, కాళ్లు మాత్రం, దాదీమా చెప్పినట్టే, కొత్త కాళ్లు. పెడళ్లు వాటంతటవే తిరిగాయి. వాళ్ల వాకిట్లో సైకిలు దిగేసరికి నోటి నిండా గింజలే.

వాకిట్లో ఎడ్లు కట్టి ఉన్నాయి. ఖాసిం చాచా గంప ముందు నిలబడి ఉన్నాడు. దాదీమా వంగి గంపలో చెయ్యి పెట్టి ఉంది.

"నిన్న మోచెయ్యి దాక ఉండె," అంటోంది. "ఇయ్యాల లేదు."

రజియా గుమ్మంలో ఉంది, ఆటకు వేసుకునే నీలం చొక్కాలో. చాచా నావైపు తిరిగాడు. "బాలీ, నిన్న నువ్వు గూడ ఇక్కడ్నే ఉన్నవ్ గద. ఎవలన్న వచ్చిండ్రా?"

నా దవడ పక్క జాగా ఉంది. రెండేళ్ల సాధన ఉంది. ఉడుతలు, కోతులు, సంచి భుజాన వేసుకుని పోయిన ఎలుకల దండు, బిచ్చానికొచ్చిన ఫకీరు, వంద కథలు నా గొంతులో వరసగా నిలబడ్డాయి. ఒక్కటీ బయటికి రాలేదు. ఆయన నిన్న కట్ట ఎక్కుతూ రొప్పిన చప్పుడు చెవుల్లో ఉంది. నమలలేను, మింగలేను, మాట్లాడలేను. దాదీమా గంపలోంచి చెయ్యి తీసి, మొహం కాదు, చెవి నావైపు తిప్పింది. అలాగే ఉంచింది.

"నేనే తిన్న అబ్బా," అంది రజియా.

"గన్ని తిన్నవా?"

"ఆకలైంది. తిన్న."

ఆయన అరవలేదు. అరిస్తే ఈపాటికి మరిచిపోయి ఉండేదాన్ని. తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "ఇత్తునం తిన్న చెయ్యే ఇత్తునం ఎయ్యాలె. నడువు పొలంకు. ఇగ ఆట చాలు."

గంప నెత్తికెత్తుకుని నా పక్కనుంచి పోతూ రజియా ఆగింది. "పో, బస్సు పోతది," అంది. నేను పోయాను. అదీ చెప్పాలి. ఎవరూ నన్ను తోయలేదు.

ఆ రోజు మేడ్చల్‌లో మాలో ఒక్కరికీ పిక్క పట్టలేదు. గింజల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఐదుగురూ లేగదూడల్లా గంతులేశారు. రజియా స్థానంలో కూతకు నేను పోయాను. కాళ్లు తేలిగ్గా ఉన్నాయి, గీత దాటాను, కబడ్డీ కబడ్డీ అంటూ ఇద్దర్ని తాకబోయాను. అప్పుడు ప్రేక్షకుల్లో, తలపాగా చుట్టుకున్న ఎవరో రైతు కనబడ్డాడు. చాచా కాదు. ఎవరో. నా కూత ఆగిపోయింది. కబడ్డీలోనూ దాదీమా నియమమే కదా, నోరు ఆగితే పోయినట్టే. తర్వాత ఎన్నిసార్లు పోయినా మధ్యలో అక్కడికే వచ్చి ఆగింది. ఓడిపోయాం. అదే సమయంలో రజియా నాగలి వెనక నడుస్తూ సాలులో గింజలు వేస్తోంది. తక్కువపడ్డ గింజ చేను చివరిదాకా రావాలని, గింజకూ గింజకూ మధ్య బెత్తెడు ఎక్కువ దూరం ఇచ్చిందట. ఆ ఏడాది ఊరందరి పల్లి చేలూ చాపలు పరిచినట్టు పచ్చగా ఉంటే, వాళ్ల చేలో మాత్రం మొక్కల మధ్య మట్టి కనిపిస్తూనే ఉంది.

పది రోజులకు ధైర్యం చేసి ఒకసారి వాళ్లింటికి పోయాను. నూనెకు ఒలిచే కాయ ఇంకా ఉంది. పిల్లలందరూ చుట్టూ కూర్చుని ఉన్నారు. దాదీమా ఎప్పట్లాగే "మాట్లాడుండ్రి, మాట్లాడుండ్రి," అంటోంది. నేను కూర్చుని, గొంతు సవరించుకుని, ఒక మంచి కథ ఎత్తుకోబోయాను. ఆమె నా చెయ్యి వెతికి పట్టుకుని దాని నిండా గింజలు పోసింది. పగిలినవి కాదు, మంచివి.

"నువ్వు ఊకో బిడ్డా," అంది మెల్లగా. "నువ్వు మాట్లాడకున్న సరే. తిను."

వెదురుపుల్లతో కొట్టినా సహించేదాన్ని. ఆ తర్వాత నేను ఆ వాకిట్లోకి పోలేదు. రజియాను బళ్లో చూశాను, తర్వాత పెళ్లిళ్లలో చూశాను, నవ్వుకున్నాం, పిల్లల గురించి అడిగి తెలుసుకున్నాం. ఆమె మళ్లీ ఎన్నడూ ఆడలేదు. దాదీమా పోయిందని విని కూడా వెళ్లలేదు. అల్వాల్ నుంచి మలక్‌పేట ఎంత దూరం? రజియా ఒక్క ఊపిరికి సరిపోయేంత.

ఇదంతా చెప్పేసరికి శ్రావణి త్రాసు మీది అంకె ఆరిపోయింది. పిల్ల చెవుల్లోంచి పాటల తీగలు తీసేసి ఉంది, ఎప్పుడు తీసిందో నేను గమనించలేదు. మామూలుగా ఎవరితోనూ మాటామంతీ లేకుండా, పాటలు వింటూ తన గిన్నె ఖాళీ చేస్తుంది. గింజల గుణాలూ అవే, శ్రమ తర్వాత తినాలన్న మాటా అదే. దాదీమా పిడికిలి పోయి త్రాసు వచ్చింది, అంతే తేడా అనుకుందామంటే మనసు ఒప్పుకోదు. నా బిడ్డ తింటుంటే అది ఎంత తిన్నదో తెలుస్తోంది గానీ, దాని గొంతు వినబడడం లేదు.

"మరి ఆ తాత ఉన్నడా ఇంకా?" అంది.

"ఉన్నడట."

"ఇంకా రజియా ఆంటీనే తిన్నదనుకుంటున్నడా?"

నేను గట్టు మీద రాలిన పల్లిపొట్టు చేత్తో కూడదీశాను. "స్కూటీ తీస్త, రా," అంది.

ఆదివారం పొద్దున వెళ్లాం. శామీర్‌పేట దాటాక దారికి రెండువైపులా లేఅవుట్ల కమానులు, నంబర్లు రాసిన రాళ్లు. వాటి మధ్య, ఎవరో మరిచిపోయి వదిలేసినట్టు, ఒక్క మడి పల్లి చేను. దాని వెనకే ఇల్లు. గోడలు మారాయి, వాకిలి అదే. రజియా కొంగు దోపుకుని ఎదురొచ్చింది. జుట్టు నెరిసింది, నడకలో మోకాళ్లు మొరాయిస్తున్నాయి.

"ఎన్నొద్దులైందే బాలీ," అంది. "చేపల వాసనే లేదు. అల్వాల్ పోయి అత్తరు పూస్కుంటున్నవా?" ఒకేసారి అన్ని మాటలు. ఇన్నేళ్లలో పొదుపు సడలించినట్టుంది.

ఖాసిం చాచా నులకమంచం మీద కూర్చుని, ఒళ్లో చేట పెట్టుకుని పల్లికాయ ఒలుస్తున్నాడు. ఎనభై దాటిన వేళ్లు, అయినా కాయ ఎక్కడ నొక్కితే చిట్లుతుందో వాటికి తెలుసు. నేనెందుకొచ్చానో కనిపెట్టిందేమో, రజియా నా మోచెయ్యి గిల్లి, "ఎందుకే ఇప్పుడు? ఊకో," అంది. నేను ఊకోలేదు. మంచం పక్కన కింద కూర్చుని, చేటతో సహా, సంచితో సహా, ఆయన సైకిలుతో సహా అంతా చెప్పాను. ఒక్క మాట పెంచలేదు. నా జీవితంలో అంత బక్కచిక్కిన కథ ఎన్నడూ చెప్పలేదు.

ఆయన చివరిదాకా విని, బోసినోటితో పకపకా నవ్వాడు.

"నీ కతలు పోలేదే ఇంక! నా సైకిలు మీద నా ఇత్తునం దొంగతనం జేసినవా? మంచిగుంది. మా రజియా జూటా మాట్లాడదమ్మా. ఆమె తిన్ననన్నది, తిన్నది. చిన్నపిల్ల, ఆకలైంది. నేనే జర సఖ్తి జేసి ఆట బంద్ పెట్టిన." నవ్వు ఆగి, మళ్లీ అన్నాడు, "దోస్తు తప్పు మీద ఏసుకోనికి గింత దూరం వచ్చినవ్. అచ్చా దిల్ నీది. ఏదీ, చెయ్యి పట్టు."

చెయ్యి చాచాను. ఆయన నా వేళ్లను ఒక్కొక్కటే మడిచి, పిడికిలి చేసి, దాన్ని మళ్లీ తెరిచి, అందులో పట్టినన్ని గింజలు పోశాడు. అచ్చం వాళ్లమ్మలాగే. "తిను. తినుకుంట ఇంకో కత చెప్పు. చేప కడుపుల వల దొర్కింది చూడు, గది. ఈ బేటీ గూడ ఇంటది."

నోట్లో వేసుకున్నాను. పచ్చిగింజ, కొంచెం మట్టి, కొంచెం తీపి. చేప, వల, బాపు, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. నమిలాను. మాట రాలేదు. ఆయన ఎదురుచూశాడు. వాకిట్లో కాయ చిట్లే చప్పుడు ఒక్కటే వినబడుతోంది, టక్కు, టక్కు. కాసేపటికి అదీ ఆగింది. తల ఎత్తితే, ఖాసిం చాచా చేతిలో సగం చిట్లిన కాయ అలాగే ఉంది. ఆయన తల కొంచెం పక్కకు వాల్చి, మొహం కాదు, చెవి నావైపు తిప్పి ఉన్నాడు.

"నువ్వేనా?" అన్నాడు.

తల ఊపాను. నోటి నిండా గింజలు, కళ్ల నిండా నీళ్లు, ఏదీ మింగుడుపడలేదు. ఆయన రజియా వైపు తిరిగాడు. "మరి ఎందుకు గట్ల చెప్పినవ్ బేటీ? నేను ఆ పొద్దు మేడ్చల్ రావాలనుకున్న. కొత్త అంగీ గూడ తీసి పెట్టుకున్న." "నీ ఆట నేను చూడనే లేదు గద."

నాకు తెలిసి ఆ వాకిట్లో అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదు.

రజియా నా పక్కన కూలబడి, చేట తన ముందుకు లాక్కుంది. ఒక కాయ తీసి చిట్లించింది. పెదవులు కదిలీ కదలకుండా, "కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ," అని మొదలుపెట్టింది. ముందు గొణుగుడులా, తర్వాత నిలకడగా, చేతులు ఆగకుండా, మధ్యలో ఊపిరి తీసుకోకుండా. గింజలు ఒక్కొక్కటే చేటలో పడుతున్నాయి. చాచా మంచం మీద ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ఆట చూడ్డానికి వచ్చినవాడిలా కూర్చున్నాడు. ప్రతిదానికీ కొలత కావాలనే నా బిడ్డ ఫోన్ తీసింది, గడియారం నొక్కడానికి. వేలు దాని మీద పెట్టి, నొక్కడం మరిచిపోయి, అలాగే నోరు తెరుచుకుని వింది.

అందుకని నా దగ్గర ఏ సాక్ష్యమూ లేదు. ఆమె ఎంతసేపు కూసిందో నేను చెబితే మీరు ఎలాగూ నమ్మరు.